జినా క్యాంటీన్‌లో ఇంకో గరిటె

అది నా ఫొటోనే, ఓ మూలకి నల్ల రిబ్బను కట్టి, ముందున్న గ్లాసు మీద నల్ల రొట్టె ముక్క మూత పెట్టి, పెద్ద బల్ల చివర నిలబెట్టింది అచ్చంగా నా ముఖాన్నే, నేను బతికే ఉన్నాను కదా, పొద్దున చీకటితోనే వెత్లూగాలో బస్సెక్కాను కదా, చేతిలో చెంచా ఉంది, చెంచాలో కుత్యా ఉంది, ఉడికించిన గోధుమలు, తేనె, ఎండు ద్రాక్ష, ఎవరో పాపం పోయినవాళ్ళ సంతాప భోజనంలే, పెట్టారు కాబట్టి తిందాం అనుకుని చెంచా ఎత్తాను, తల కూడా ఎత్తాను, నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది, ఇదేం చోద్యం, చచ్చినవాళ్ళ చోట నన్నెందుకు పెట్టారు వీళ్ళు, అరవయ్యొక్కేళ్ళకే నా కళ్ళు ఇంతలా పోయాయా, కళ్ళ కోసమే కదా ఈ నీజ్నీ నోవ్‌గొరొద్ దాకా వచ్చింది, మూడింటికి కదా డాక్టరు రమ్మన్నది, కానీ ఆ ఫొటోలో మనిషికి ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది, నాకు గాటు లేదు, ఆ గాటు పెట్టిందే నేను, నాకు ఏడేళ్ళప్పుడు, మంచు బండి కోసం ఇద్దరం కొట్టుకున్నప్పుడు, అది మా అక్క, అది జినా, ఓరి దేవుడా, జినా.

చెంచా నోట్లో పెట్టుకోలేను, కింద పెట్టలేను, చెయ్యి గాలిలోనే కొయ్యబారిపోయింది, పక్కనున్న పళ్ళూడిన ముసలాయన నా చేతిని చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు, ఎందుకు తిప్పుకున్నాడు, ఇది రాయిసా పని, మా పక్కింటి రాయిసా పని, కంటి డాక్టరుకి రోజు రాయించింది అదే, నీజ్నీలో ఎక్కడ తినాలో వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరిందీ అదే, పొక్రోవ్కా వీధికి మాత్రం వెళ్ళకే కపా, అక్కడ గుక్కెడు కాఫీ పోసి కప్పుని చూసి మురిసిపొమ్మంటారు, స్టేషను ముందు పెల్మెనీలు అసలే వద్దు, ఆ పిండి మూటల్లో మాంసం ఉందో లేదో పోలీసులొచ్చి తేల్చాలి, జార్జియా వాళ్ళ జున్ను రొట్టె తిన్నావంటే రాత్రంతా నీ కడుపు నిన్ను తిడుతుంది, బుద్ధిగా మోటారు ఫ్యాక్టరీ పేటలో పాత క్యాంటీనుకి పో, గురువారం, సరిగ్గా ఒంటిగంటకి, ముందూ కాదు వెనకా కాదు, వేడివేడి ష్చీ, క్యాబేజీ చారు, అప్పుడే దింపుతారు, అంది, నేను కస్సుమన్నాను, ఆ క్యాంటీనా, చస్తే ఆ గడప తొక్కను అన్నాను, అప్పుడు రాయిసా నా ముఖం చూడకుండా, ముందున్న గిన్నెలో బఠాణీలు ఏరుతూ, నువ్వు తప్పించుకు తిరిగే మనిషి ఇప్పుడక్కడ లేదులేవే, నెల దాటింది, అంది.

నెల దాటింది అంటే ఉద్యోగం మానేసిందనుకున్నాను, మోకాళ్ళు నొప్పులేమో, మేనేజరుతో పోట్లాడి గరిటె విసిరేసిందేమో అనుకున్నాను, నా బుర్ర అలాగే ఆలోచించింది, బస్సులో ఐదు గంటలూ నేనేం అనుకుంటూ వచ్చానో ఎవరికీ చెప్పను, నాకే సిగ్గు, అక్కడ లేకపోతే ఎక్కడుందో మాటవరసకి అడుగుదాం, ఇప్పుడెక్కడ వండుతోందండీ ఆవిడ, అని ఏమీ ఎరగనట్టు అడుగుదాం, చెబితే వీధి పేరు గుర్తుపెట్టుకుందాం, అంతే, వెళ్ళాలని కాదు, పోతూ పోతూ నల్ల శాలువా కప్పుకోమంది రాయిసా, నీలం రంగుది తీస్తే లాక్కుని నల్లదే కప్పింది, ఇది వెచ్చగా ఉంటుందే అంది, గేటు దగ్గర ముక్కు చీదింది, ఏమిటే ఏడుస్తున్నావా అంటే, జలుబు అంది, దొంగ పీనుగ, చెప్పొచ్చు కదే, ఒక్క ముక్క చెప్పొచ్చు కదే నాకు.

చెప్పనిచ్చానా నేను, ఆ పేరు ఎత్తినవాళ్ళెవరూ నా గడప ఎక్కొద్దు అని వీధంతా వినేలా అన్నది నేనే కదా, ఫోను నంబరు మార్చేసి ఎవరికీ ఇవ్వొద్దన్నదీ నేనే, ఆ పేరు ఎత్తకుండానే నన్నిక్కడికి రప్పించింది రాయిసా, నేను పెట్టిన ఆంక్ష తు.చ. తప్పకుండా పాటించింది, పదకొండేళ్ళు, అమ్మ పోయిన దగ్గర్నించీ, అమ్మ ఈ ఊళ్ళోనే జినా ఇంట్లో పోయింది, సంతాప భోజనం ఇంట్లో పెడదామన్నాను నేను, మన చేత్తో పిండి కలిపి, మన పొయ్యి మీద బ్లినీ అట్లు పోసి, జినా ఏమో డెబ్భై మంది వస్తారు, నా రెండు గదుల కొంపలో ఎవరి ఒళ్ళో కూర్చోబెడతావే, క్యాంటీను నాది, వంటమనిషిని నేను, మా అమ్మకి నేను వండుతున్నాను, ఇంకేం కావాలి నీకు, అంది, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఇక్కడే, ఈ హాల్లోనే, అందరూ ఉండగా లేచి, అమ్మని అల్యూమినియం ట్రేల మీద సాగనంపుతున్నావు, సిగ్గు లేదా, ఈ క్యాంటీను గంజి నాకొద్దు, అని కుత్యా గిన్నె తోసేశాను, మూడు చెంచాలు తినకుండా లేవకూడదు ఎవరూ, లేచినవాళ్ళు పోయినవాళ్ళతో తగవు పెట్టుకున్నట్టే అంటారు మాలో, నేను లేచాను, జినా గరిటె పట్టుకునే గుమ్మం దాకా తరుముకుంటూ వచ్చింది, పోవే పో, పొగరుబోతా, ఏదో ఒకరోజు నీ అంతట నువ్వే వచ్చి, ఇదే బల్ల దగ్గర కూర్చుని, ఇంకో గరిటె వెయ్యండమ్మా అని నువ్వే అడుగుతావు, అడక్కపోతే నా పేరు జినైదా కాదు, అని అరిచింది, వీధిలో ట్రామ్ ఆగింది, ఎక్కేశాను, వెనక్కి చూడలేదు, చూసుంటే ఏం పోయేది, చూడలేదు.

ఇందాక తలుపు మీద కాగితం అంటించి ఉంది, ఈ రోజు హాలు ప్రత్యేక భోజనానికి ఇచ్చామని, పెళ్ళో పుట్టినరోజో, పోదాంలే స్టేషనుకి, ఆ పిండి మూటలే తిందాం, అని తిరగబోతుంటే కోట్లు తగిలించే ముసలమ్మ ఫాయినా, పేరు గుండెమీది బిళ్ళపై రాసుంది, నన్ను చూసి చేతిలో ఇత్తడి టోకెను జారవిడిచింది, అది గచ్చు మీద గిర్రున తిరిగి తిరిగి పడింది, ఆవిడ శిలువ గుర్తు వేసుకుంది, దేవుడా దేవుడా అని గొణిగింది, తర్వాత నా కోటు బొత్తాలు తనే విప్పుతూ, రండమ్మా, చలిలో వచ్చారు, లోపలికి రండి, ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు, అంది, సంతాప భోజనాల్లో అడగరుగా, దారిన పోయేవాడొచ్చి కూర్చున్నా ఎవరివని అడగరుగా, అదే అనుకున్నాను నేను, లోపలికి అడుగుపెట్టగానే అన్ని బల్లల దగ్గరా చెంచాల చప్పుడు ఆగిపోయింది, పిలవని పేరంటానికి వచ్చాననుకుని సిగ్గుతో చచ్చిపోయి, తల వంచుకునే, ఖాళీగా కనపడిన ఆ ఒక్క కుర్చీలో కూలబడ్డాను, ఒక్క కుర్చీయే ఖాళీ, నిండు హాల్లో ఒకే ఒక్కటి, దాని ముందు గిన్నె, చెంచా, మడిచిన తువ్వాలు, అప్పుడైనా నాకు వెలగలేదు.

ఇప్పుడు ముసలాయన మాట్లాడుతున్నాడు, నాతో కాదు, ఎదురుగా ఉన్నవాళ్ళతో, కానీ నాకు వినపడేలా, గొంతు పెంచి, మా జినైదా యెఫీమొవ్నా ముందు ఉప్పు తక్కువైందన్నవాడు బతికి బట్టకట్టాడా, ఒకసారి నా చేతికి ఉప్పు డబ్బా ఇచ్చి, ప్రోఖోర్, వీధిలోకి పోయి అందరికీ పంచి రా, అప్పుడు వేస్తా నీకు చారు, అంది, బల్ల దగ్గర నవ్వారు, ఏడుస్తూ నవ్వారు, అవును, మా జినాయే అది, వేరే ఎవరూ అనరు ఆ మాట, ఎవరో ఆడమనిషి, ఆ రోజు కూడా పన్లోనే ఉందండీ, చారు కుండ పక్కనే, ఒక్క నిమిషం కూర్చుంటానే న్యూరా, మూత తియ్యకు, పులుపు పోతుంది, అంది, కూర్చుంది, అంతే, నేను మూత తియ్యలేదు, చాలాసేపు తియ్యలేదు, అంటోంది, ఇవాళ్టికి నలభై రోజులు, నలభయ్యో రోజున ప్రాణం ఇల్లు విడిచి వెళ్ళిపోతుందంటారు, అంటే ఇంకా ఇక్కడే ఉందా, ఈ హాల్లోనే ఉండి నన్ను చూస్తోందా, నా నోరు ఇంకా తెరిచే ఉంది, ఛీ, మూసుకోవే, ముందు తిను, తిన్నాను, ఒక చెంచా, రెండు, మూడు, ముసలాయన నీళ్ళందించాడు.

ఆ న్యూరాయే ష్చీ తెచ్చి పోసింది, క్రిస్మస్ ముందరి ఉపవాసం రోజులు కదా, మాంసం లేదు, పుట్టగొడుగులు, పుల్ల క్యాబేజీ, వేడి పొగ ముఖానికి తగిలింది, ఒక్క గుక్క, ఇది క్యాంటీను రుచి కాదు, ఇది మా అమ్మ జాడీ, సోపు గింజలు, పుల్ల ఆపిల్ ముక్కలు, అడుగున ఎండుమిరపకాయ ఒకే ఒక్కటి, ఇంకెవరూ వెయ్యరు మిరపకాయ, అమ్మ మా ఇద్దరికే చెప్పింది, అక్టోబరులో ఊరబెట్టింది ఈ క్యాబేజీ, జినా తన చేతుల్తో పిసికి పెట్టింది, నేను తింటున్నది జినా చేతి వంట, మనిషి పోయింది, పులుపు ఉంది, గోడవార నించి నల్ల బట్టల్లో ఒక పిల్ల లేచి వస్తోంది, పిల్లేమిటి, నలభై దగ్గర పడుతోంది, రీతా, నేను చూసినప్పుడు పెళ్ళి కాలేదు, వచ్చి నా కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పిన్నీ, రాయిసా అత్తతో నేనే చెప్పించాను, నిజం చెబితే నువ్వు రావని భయపడ్డాం, కోప్పడకు పిన్నీ, అంటోంది, ఎలా గుర్తుపట్టావే అన్నాను, ఎంత తెలివితక్కువ ప్రశ్న, రీతా ఫొటో వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది, నువ్వు గుమ్మంలో నిలబడితే మా అమ్మే వచ్చిందనుకున్నాం అందరం, అంది.

అందుకా చెంచాలు ఆగింది, అందుకా టోకెను జారింది, ఎవరికీ తెలియదు, ఎవరూ పోల్చుకోలేరు, దొంగలా తిని పోదామని కూర్చున్నాను, హాలంతా నా ముఖమే చూస్తోంది, ఒకే ముఖాన్ని ఇద్దరికీ పంచానే, దెబ్బలాడుకోకండి, అనేది అమ్మ, నాకేం పోలిక లేదు దానితో అని అరిచేదాన్ని, నా గిన్నె ఖాళీ అయింది, ఎప్పుడైందో తెలియదు, న్యూరా కుండ పట్టుకుని పక్క బల్ల దగ్గర ఆగిపోయింది, ఫాయినా గుమ్మంలో నిలబడింది, ప్రోఖోర్ చెంచా కింద పెట్టాడు, వీళ్ళకి తెలుసు, పదకొండేళ్ళ కిందటి మాట వీళ్ళందరికీ తెలుసు, రోజూ చెప్పి ఉంటుంది జినా, వస్తుంది చూడండి, అడుగుతుంది చూడండి, అని, అడగకుండా లేచి వెళ్ళిపోవచ్చు నేను, మూడింటికి డాక్టరున్నాడు, కోటు అక్కడే ఉంది, గిన్నె రెండు చేతులా ఎత్తాను, ఇంకో గరిటె వెయ్యండమ్మా, అన్నాను, గట్టిగానే అన్నాను, న్యూరా వేస్తూ వెక్కివెక్కి ఏడ్చింది, ఓడాను జినా, నీ బల్ల దగ్గరే కూర్చుని అడిగాను, అడిగించుకున్నావు, ఇప్పుడు నువ్వొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాలి కదే, నేను తలెత్తి చూశాను, నల్ల రిబ్బను కింద అదే ముఖం, నవ్వడం లేదు, ఇక ఆ ముఖం నా ఒక్కదానికే మిగిలింది.