థోవా చేతి మచ్చ

గనిలో తగిలిన దెబ్బకూ ఊళ్లో తగిలిన దెబ్బకూ తేడా మానాక తెలుస్తుంది. ఊళ్లో దెబ్బ తెల్లగా మానుతుంది. గనిలో దెబ్బలో బొగ్గుపొడి ఇరుక్కుంటుంది. పైన చర్మం వచ్చేస్తుంది, పొడి లోపలే ఉండిపోయి నీలంగా కనిపిస్తుంది. ఇక జన్మలో పోదు. మా బొగ్గుగనుల ఊరు కామ్‌ఫాలో ఏ ముసలాయన చొక్కా విప్పినా వీపు మీద పచ్చబొట్లలాగా నీలం గీతలుంటాయి.

నా దగ్గర కుట్లు వేయించుకున్నవాళ్లకు మాత్రం ఉండవు. గొప్ప చెప్పుకుంటున్నాననుకుంటారేమో, అవును, గొప్పే. గని ముఖద్వారం పక్కనున్న చిన్న ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా నర్సును. తిమ్మిరి సూది వేసి, ఉప్పునీళ్లు పోస్తూ, బ్రష్షుతో నలుసు నలుసూ తీసేదాకా కుట్టు వెయ్యను. మూడువందల మీటర్ల కింద నెత్తి మీద కొండను పెట్టుకుని పనిచేసే మగాళ్లు నా బ్రష్షు చూస్తే బిగుసుకుపోతారు. "అక్కా, దాంతో గేదెల్ని కడుగుతావా?" అంటారు. పెళ్లి కావలసిన కొడుకుల ముఖం మీద మచ్చ పడకుండా చూసినందుకు తల్లులు నాకు బాతుగుడ్లు పంపేవాళ్లు. 'థోవా చేతి మచ్చ' అని మా కాలనీలో ఒక మాటే పుట్టింది. థోవా అంటే నేనే.

మొన్న మార్చిలో, పొద్దుటి షిఫ్టు ఇంకా సగం కాలేదు, ఆరో గ్యాంగు పెద్ద క్వెట్ ఒక మనిషిని నడిపించుకుంటూ వచ్చాడు. ఆ మనిషి ఖియెమ్. ముప్పై ఏళ్లుంటాయి, నెమ్మదైనవాడు, ఒక కూతురు. కుడిచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. చుట్టిన గుడ్డ నల్లగా, ఎర్రగా తడిసిపోయింది.

"రోడ్డు మీద బండి జారిందక్కా," అన్నాడు క్వెట్, నేను అడగకముందే.

"ఏ రోడ్డు? నెత్తిన లైటు పెట్టుకుని బండి నడుపుతాడా మీవాడు?"

క్వెట్ ఖియెమ్ తలమీది టోపీ ఊడదీసి తన చంకలో పెట్టుకున్నాడు. టోపీకి లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"తొమ్మిది వందల నలభై ఒకటి అక్కా," అన్నాడు గొంతు తగ్గించి.

అదేమిటో నాకు చెప్పక్కర్లేదు. కిటికీలోంచి చూస్తే బోర్డు కనిపిస్తుంది. ఆరో గ్యాంగు, ప్రమాదం లేని రోజులు 941. వెయ్యి నిండితే బంగారు అంచున్న ఎర్ర జెండా ఇస్తారు. మా కొండ మీద ఏ గ్యాంగుకీ ఇంతవరకూ రాలేదు.

"దేనివల్ల తెగింది?" అని ఖియెమ్‌నే అడిగాను.

"రోపు," అన్నాడు. క్వెట్ వాడి వంక గుర్రుగా చూశాడు.

ఏటవాలు మీద బొగ్గు టబ్బుల్ని పైకి లాగే ఇనప రోపు అది. తీగలు తెగి ముళ్లలా పైకి లేచాయని నెలల తరబడి వింటున్నాను. ఒక తీగ పరుగు మీదుండగా విడివడి ఇతని చేతిని కోసింది.

"ఇది పెద్దాసుపత్రికి పోవాల్సిన దెబ్బ. లోపల నరం తెగిందేమో."

"వద్దక్కా," అన్నాడు ఖియెమ్ చెమటలు కారుతూ. "జెండా పోగొట్టినోడు వీడేనని నన్ను జన్మంతా అంటారు. నువ్వే కుట్టెయ్."

"బాగా తోమక్కా," అన్నాడు క్వెట్. "నలుసు కూడా మిగలకూడదు. నీ చేతి సంగతి మాకు తెలీదా ఏంటి?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. మండిందంటే అతని మీద కాదు. పదకొండేళ్ల కింద ఇదే గదిలో, వేరే గ్యాంగు పెద్ద ఇదే మాట అన్నాడు. అప్పుడు ఆ బల్ల మీద పడుకున్నది లుయాంగ్ అన్న. పైకప్పుకు ఆనించిన దుంగ జారి మోకాలి మీద పడింది. పెరట్లో జారిపడ్డాడని ఆసుపత్రి పుస్తకంలో రాశాను. గంటసేపు తోమాను. మచ్చ ముత్యంలా మానింది. మూడేళ్లకు మోకాలు పట్టేసి పనికి దిగలేక, పనిలో తగిలిన దెబ్బ కింద పింఛను ఇమ్మని అర్జీ పెట్టుకున్నాడు. డాక్టర్లు ముందు నా పుస్తకం చూశారు, తర్వాత అతని ఒళ్లు చూశారు. "ఒంటి నిండా నీలం మచ్చలే, ఇదొక్కటే తెల్లగా ఉంది. ఇది గని దెబ్బ కాదు," అని తేల్చేశారు. ఇప్పుడు గని గేటు దగ్గర ఐసు వేసిన టీ, వేరుశనగ పట్టీలు అమ్ముతాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఎనిమిదేళ్లుగా నేను వెనక గేటు నుంచి తిరిగి వెళుతున్నాను.

మోచేతి దగ్గర మొదలుపెట్టి తోముకుంటూ వచ్చాను. మణికట్టు దగ్గర చిటికెన వేలంత మేర బ్రష్షు ఆనించలేదు. చీము పట్టకుండా మందు మాత్రం పోసి, బొగ్గును బొగ్గుగానే ఉంచి కుట్టేశాను. ఇరవై ఆరేళ్లలో నేను కావాలని చేసిన పాడుపని అదొక్కటే అనుకున్నాను. ఆ మాట నిజం కాదని తర్వాత తెలిసింది.

"ఎక్కడ పడ్డాడని రాయను?" అన్నాను పుస్తకం తీసి.

"ఏదో ఒకటి నువ్వే రాసెయ్యక్కా."

థాయ్‌బిన్‌లో అత్తగారి ఊరు, వరిపొలాల మధ్య గట్టు, వానకు బురద, బండి జారింది, అని రాశాను. మా ఊరి రోడ్డని రాస్తే లారీల్లోంచి రాలిన బొగ్గు అంటుకుందని రేపు ఎవడైనా అంటాడు. థాయ్‌బిన్ పొలాల్లో బొగ్గెక్కడిది? క్వెట్ చదువుకుని మురిసిపోయాడు. "బురద కూడా రాశావే! నువ్వు నర్సువి కావాల్సింది కాదక్కా."

ఇంటికి నడుస్తూ నా తెలివికి నేనూ మురిసిపోయాను. నాకింకా రెండేళ్ల సర్వీసుంది. నా ఉద్యోగానికి ఢోకా లేదు. నిజం ఆ చేతిలో భద్రంగా ఉంది, కావలసిన రోజు అదే బయటికొస్తుంది.

ఆరు వారాలకు ఖియెమ్ వచ్చాడు. మచ్చ పొడుగునా తెల్లగా ఉంది. మణికట్టు దగ్గర చిటికెన వేలంత నీలం గీత.

"అక్కా, చివరి రెండు వేళ్లు ముడుచుకోవట్లేదు. చాప్‌స్టిక్ పుల్లలతో అన్నం తినలేకపోతున్నా. మా అమ్మాయీ నేనూ ఇద్దరం చెంచాలతో తింటున్నాం." నవ్వబోయి ఆగాడు. "ఇదేంటి, ఇక్కడ నీలంగా ఉంది? అందరూ అడుగుతున్నారు, థోవా చెయ్యి ముసలిదైపోయిందా అని."

తలుపు వేసి చెప్పాను. లుయాంగ్ అన్న మోకాలి సంగతి, డాక్టర్లన్న మాట, వరిపొలాల గట్టు ఎందుకు రాశానో, అంతా. నీకో సాక్ష్యం ఉంచాను, రేపు చెయ్యి పనికిరాకుండా పోతే ఇది చూపించు, అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ మెప్పు కోసం ఆరు వారాలు ఎదురుచూశాను.

అతను గీతను బొటనవేలితో రుద్ది చూశాడు.

"అంటే పుస్తకంలో రాసే ధైర్యం లేక నా చేతి మీద రాశావా అక్కా?"

"నీ మంచికే కదరా."

"నన్నడిగావా?"

"అడిగితే వద్దనేవాడివి."

"అంటా. నా చెయ్యి, వద్దంటా." చొక్కా చెయ్యి దించి, ఎడమచేత్తో తడుముకుంటూ మణికట్టు దగ్గర గుండీ పెట్టుకున్నాడు. రెండుసార్లు జారింది. నేను సాయం చెయ్యబోతే చెయ్యి లాక్కున్నాడు.

"ఎక్కడికి?"

"షిఫ్టుకి. అదే రోపు దగ్గరికి. దాన్నింకా మార్చలేదు, తెలుసా నీకు?"

రెండు రోజులు అతని మీద కోపంగా ఉన్నాను. మంచికి పోతే ఇంతే అనుకున్నాను. మూడోరోజు ఆ రోపు గుర్తొచ్చింది. గీత ఏ డాక్టరు ముందో బయటపడేసరికి ఎన్నేళ్లు పడుతుంది? ఈలోపు రోపు తిరుగుతూనే ఉంటుంది. నేను దాచిన నిజం ఖియెమ్ పింఛనుకు పనికొస్తే రావచ్చు గానీ, కింద దిగేవాళ్లలో ఒక్కడి మెడకు కూడా అడ్డం పడదు. నాకు సిగ్గేసింది. అంత సిగ్గు అంతకుముందెప్పుడూ వెయ్యలేదు.

ఆ రోజు ముందు గేటు నుంచి బయటికి వెళ్లాను. లుయాంగ్ అన్న ప్లాస్టిక్ స్టూలు జరిపి గ్లాసు కడిగాడు, రోజూ వచ్చే మనిషికి చేసినట్టే.

"దారి తప్పావా థోవా?"

"అన్నా, నీ మోకాలు..."

"చూస్తావా? ఇదిగో." నేను ఆపేలోగా ప్యాంటు పైకి లాగాడు. పక్క స్టూలు మీద టీ తాగుతున్న మనిషికి కూడా చూపించాడు. "చూడు బాబూ, పనితనమంటే ఇదీ. దెబ్బ తగిలిందంటే ఎవరైనా నమ్ముతారా?"

వెటకారం కాదు. అతను నిజంగానే నా పనిని మెచ్చుకుంటున్నాడు. అక్కడే, ఆ కొత్త మనిషి ముందే, ఏడ్చాను.

మర్నాడు పాత పుస్తకం బీరువాలోంచి తీశాను. పెరట్లో జారిపడ్డాడన్న వాక్యాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన జరిగింది రాసి, ఇంతకుముందు రాసింది అబద్ధం, రాసింది నేనే అని సంతకం పెట్టాను. కొత్త పుస్తకంలో థాయ్‌బిన్ గట్టునీ బురదనీ కూడా కొట్టేశాను. ఖియెమ్‌ను పిలిపించి, ఈసారి ముందే చదివి వినిపించాను.

"గ్యాంగులో నాతో ఎవరూ మాట్లాడరిక," అన్నాడు.

"నాతోనూ మాట్లాడరు. వద్దంటే చెప్పు, నీ పేరు లేకుండా రోపు సంగతొక్కటే రాసిస్తా."

కాసేపు వేళ్లు ముడవడానికి ప్రయత్నించాడు. రెండు వేళ్లు నిలబడే ఉన్నాయి. "పేరు ఉండనీ," అన్నాడు.

రెండు పుస్తకాలూ భద్రతా విభాగం బల్ల మీద పెట్టేటప్పటికి బోర్డు మీద 988 ఉంది. సాయంత్రానికి రోపు ఆపేశారు. ముక్క కోసి చూస్తే లోపలి తీగల్లో సగానికి పైగా తుప్పుపట్టి తెగి ఉన్నాయట. నిండు టబ్బులు ఆ వాలు మీద తెగి జారితే దిగువన పనిచేసేది తొమ్మిది మంది. చెప్పడానికి వచ్చిన ఇంజనీరు ఆ తొమ్మిది దగ్గరే ఆగి మంచినీళ్లడిగాడు.

బోర్డు తుడిచి 0 రాశారు. తెల్లారేసరికి ఎవరో మా ఆసుపత్రి తలుపు మీద కూడా సుద్దతో పెద్ద 0 గీశారు. చేపల బజారులో ఆరో గ్యాంగు ఆడవాళ్లు నన్ను చూసి బుట్టలు పక్కకు తిప్పుకున్నారు. నాకు తాఖీదు వచ్చింది. నా పింఛను సంగతి ఇంకా తేల్చలేదు. క్వెట్ మాత్రం నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పన్నెండు రోజులక్కా! పన్నెండు రోజులు నోరు మూసుకోలేకపోయావా?"

"రోపు పన్నెండు రోజులు ఆగుతానందా?"

అతను తలుపును కాలితో తన్ని వెళ్లిపోయాడు. పోన్లే, తలుపేగా.

జులైలో మళ్లీ వచ్చాడు. ఒంటరిగా, ఎడమ బొటనవేలు పట్టుకుని. బల్ల మీద కూర్చున్నాడు. నేను ముందు పుస్తకం తెరిచాను.

"ఏం రాస్తావ్?" అన్నాడు.

"ఏం జరిగిందో అది."

గోడ వంక చూస్తూ చెప్పాడు. రెండు టబ్బుల మధ్య కొక్కెం తగిలిస్తూ, పూర్తిగా ఆగకముందే చెయ్యి పెట్టాడు. తప్పు తనదే. అదీ రాయమన్నాడు. బ్రష్షు తీశాను.

"కాస్త బొగ్గు వదిలెయ్, సాక్ష్యానికి," అన్నాడు పుల్లవిరుపుగా.

"అక్కర్లేదు. పుస్తకంలో ఉంది," అని తెల్లగా తోమాను. గట్టిగానే తోమానేమో, కళ్లలో నీళ్లు తిరిగాయి అతనికి.

లుయాంగ్ అన్నను డాక్టర్లు మళ్లీ పిలిచారు. దుకాణం మూసి, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని వెళ్లొచ్చాడు. జవాబు ఇంకా రాలేదు. నేను ముందు గేటు నుంచే వెళుతున్నాను.

పోయిన వారం ఖియెమ్ వచ్చాడు. పెద్దాసుపత్రిలో చేతికి వైద్యం జరుగుతోంది, గని దెబ్బ కిందే. ఒక వేలు కొద్దిగా వంగుతోంది. చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు నా ముందు పెట్టాడు.

"దీన్ని తీసెయ్యొచ్చా అక్కా? ఇప్పుడింక అవసరం లేదుగా."

దీపం దగ్గరికి లాగి చూశాను. వేలితో నొక్కి చూశాను. పొడి బాగా లోతుకు దిగిపోయింది. నా చేతి కింద మానిన వందల మచ్చల్లో నీలంగా ఉన్నది ఇదొక్కటే.

"పోదురా," అన్నాను. "నన్ను క్షమించు."

"మా అమ్మాయి రోజూ అడుగుతోంది, ఇదేంటి నాన్నా అని. ఏం చెప్పను?"

"థోవా పెద్దమ్మ ఒకరోజు భయపడిందని చెప్పు."

అతను నవ్వలేదు. చొక్కా చెయ్యి దించకుండానే లేచి షిఫ్టు బస్సు వైపు నడిచాడు.