పై దవడ సాక్ష్యం

"ముక్కుతోటి చాయి తాగేదాన్ని నా జన్మల నిన్నే చూసిన," అంది మా అత్తమ్మ రిబ్కమ్మ.

కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. నోట్లో పోసుకున్న చాయి ఎడమ ముక్కులోంచి కారడం ఆ వారంలో అది నాలుగోసారి. పేపరు చదువుతున్న నా భర్త జాన్సన్ తల ఎత్తకుండానే, "జర మెల్లగ తాగరాదే, అన్నిట్ల ఆగమాగమే," అన్నాడు.

తప్పు నేను తాగడంలో లేదు. నా పై దవడలో సందు ఉంది.

నెల కింద మంచిర్యాలలో పన్ను పీకించుకున్నాను. దాని వేర్లు చెంప ఎముక లోపల, ముక్కుతో కలిసే గాలి గుల్లలోకి చొచ్చుకుని ఉన్నాయట. పన్నుతో పాటు మధ్యనున్న పల్చటి ఎముక అడ్డు కూడా కొంచెం ఊడి, నోటికీ ముక్కుకూ మధ్య దారి పడింది. "చాలా అరుదమ్మా ఇట్లా కావడం," అని డాక్టరమ్మ అప్పుడే కుట్లు వేసి చెప్పింది. "చిన్నదే, దానంతట అదే పూడిపోవచ్చు. పదిహేను రోజులు ముక్కు చీదొద్దు, బరువులు ఎత్తొద్దు, దేన్నీ గట్టిగా ఊదొద్దు." కాగితం మీద కూడా రాసిచ్చింది. తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. రాసింది రాసినట్టు చేయడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు.

మూడో రోజే మా ఇంట్లో ప్రార్థన కూడిక. జాన్సన్ సర్కారు బడిలో సారు, మా నస్పూర్ చర్చి సంఘంలో పెద్ద. నలభై మందిని పిలిచాడు. వచ్చే వారానికి మార్చమంటే, "పన్నే గద పీకింది, కాలేమన్న తీసేసిండ్రా?" అన్నాడు. "నేను ఏడు పండ్లు పీకించుకున్న. పీకించుకున్ననాడే పత్తి ఏరవోయిన," అంది అత్తమ్మ. అంత పెద్ద గిన్నె గ్యాసు పొయ్యి మీద పట్టదు కనుక బగారన్నం పెరట్లో మూడు రాళ్ల మీదికి మారింది. కట్టెలు పచ్చివి. మగవాళ్లు కుర్చీలు వేసి, మైకు బిగించి, అలసిపోయి కూర్చున్నారు. నేను మోకాళ్ల మీద వంగి పొయ్యి ఊదాను. మూడోసారి ఊదేసరికి చెంపలో ఏదో పుటుక్కున తెగింది. నోరంతా ఉప్పగా నిండింది. మింగేసి మళ్లీ ఊదాను. వెళ్లేటప్పుడు అందరూ అన్నం బాగుందని జాన్సన్‌కు చెప్పి వెళ్లారు.

చాలా రోజులు అది నా తప్పే అనుకున్నాను. వద్దన్న పని చేసింది నేనే కదా. ఫ్రిజ్ తలుపు రోజుకు ఇరవైసార్లు తెరిచే ఆ ఇంట్లో ఆ కాగితం చదివింది నేనొక్కదాన్నేనని తర్వాతెప్పుడో తోచింది.

చెంప బరువెక్కింది. ముక్కులోంచి చీము, దిండు మీద పసుపు మరకలు. జాన్సన్ దుప్పటి తీసుకుని హాల్లోకి మారాడు. "ఫ్యాను గాలి అక్కడ మంచిగొస్తది," అన్నాడు. వాసన అన్న మాట వాడలేదు. దాన్ని మర్యాద అనుకున్నాను.

ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు నా తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. మరుసటి ఆదివారం, దేవుడు చేసిన మేలును లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, జాన్సన్ నన్నొక్క మాట అడగకుండా మైకు అందుకుని, "నా భార్యకు ప్రభువు సంపూర్ణ స్వస్థత ఇచ్చిండు," అన్నాడు. సంఘమంతా స్తోత్రం అంది. నా వాసన భరించలేక హాల్లో పడుకునే మనిషి.

నేనొక్కదాన్నే ఆటో ఎక్కి మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె స్కానింగ్ చూసి, "ఇంక దానంతట అది మూసుకోదమ్మా. చీము కంటి దాకా పాకితే కష్టం," అని కరీంనగర్‌లో ఆపరేషన్‌కు రాసింది. సోమవారం రమ్మన్నారు.

"ఇప్పుడు ఆపరేషన్‌కు పోతే మంది ఏమంటరు? సంఘపెద్ద అబద్ధమాడిండనరా?" అన్నాడు జాన్సన్. "ఒక్క నెల ఆగు."

"నెల ఆగితే కన్ను ఆగుతదా?"

"నీకు విశ్వాసమే లేదు."

ఉంది. దేవుడితో నాకు పేచీ లేదు. రోజూ ప్రార్థిస్తూనే ఉన్నాను, ఆ ప్రార్థనలో కరీంనగర్ బస్సు కూడా ఉంది.

నిన్న ఆదివారం సాక్ష్యాలు అయిపోవస్తుండగా అయ్యగారు "ఇంకెవరన్న?" అని ఆడవాళ్ల వైపు చూశారు. లేచాను. తన మాటే బలపరుస్తాననుకున్నాడేమో, జాన్సన్ నవ్వుతూ మైకు నా చేతికి పంపించాడు.

"నాకు తగ్గలే," అన్నాను. మాట సగం ముక్కులోంచే వచ్చింది. "పన్ను పీకినకాడ సందు పడ్డది, చీము పట్టింది. మా ఆయనకు ఎరుకే. వాసనకు ఇరవై దినాల సంది హాల్ల పండుకుంటుండు. రేపు పొద్దుగాల బస్సుకు కరీంనగర్ పోయి ఆపరేషన్ చేయించుకుంట. అందరు నా కోసం ప్రార్థన చేయాలె."

ఎవరూ స్తోత్రం అనలేదు. తబలా సాల్మన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అయ్యగారు బైబిల్లో ఏదో పేజీ వెతికారు, చాలాసేపు వెతికారు.

గేటు దగ్గర జాన్సన్ గొంతు తగ్గించి, "ఇంట్ల ముచ్చట చర్చిల చెప్తవా?" అన్నాడు.

"అబద్ధం చర్చిలనే చెప్పిండ్రు గద. ఇంట్ల ఎట్ల దిద్దుత?"

బండి స్టార్టు చేసుకుని ఒక్కడే వెళ్లిపోయాడు. నేనూ అత్తమ్మా నడిచాం. మలుపు దాటాక ఆమె అడిగింది.

"ఎన్ని దినాలు ఉంచుకుంటరట?"

"నాలుగో, అయిదో. ఒక్కసారికే మూసుకుంటదని కూడ చెప్తలేరు."

ఆమె ఆగింది. నా ఎడమ కన్ను వైపు చూసింది. వాచిందా అని అడుగుతుందనుకుని నేనూ ఆగాను.

"మరి వంట ఎవరు చెయ్యాలె?" అంది.

"ఇంట్ల ఇద్దరుంటరు గద, అత్తమ్మా," అన్నాను.