హుంగే మడిలో ఒక రోజు

నేను జబ్బు మనిషినా, ఒట్టి బద్ధకస్తురాలినా? ఆరేళ్లుగా ఈ అనుమానాన్ని మోస్తున్నాను. పొద్దున్నే రాముడి పటం ముందు దీపం పెట్టి రామాయణం చదువుతుంటే పుట తిప్పడానికి చెయ్యి లేవదు. వడ్లు దంచుతుంటే ఊరికే కన్నీళ్లొస్తాయి. నలభై ఏడేళ్లకే ఏమిటిది స్వామీ అంటే రాముడు పలకడు. ఇంట్లోవాళ్లే పలుకుతారు. "కూసోని తినమరిగింది" అంటుంది మా అత్త, నేను వండిన అన్నం కలుపుకుంటూ.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు జగదల్‌పూర్ నుంచి ఒక డాక్టరమ్మ దోర్నపాల్ సంతకు వచ్చింది. నాడి చూసి, రోజూ ఎప్పుడు లేస్తావు, ఎప్పుడు కూర్చుంటావు అని అడిగింది. నన్నెవరూ అట్లా అడగలేదు. "టెస్టోస్టిరాన్ అని కొత్త సూదిమందు ఉంది. మగవాళ్ల ఒంట్లో ఎక్కువ, ఆడవాళ్లలోనూ కొంచెం ఉంటుంది. ముట్లుడిగే వయసులో నీరసానికీ దిగులుకీ కొందరు డాక్టర్లు ఇస్తున్నారు. తగ్గుతుందని ఖాయంగా చెప్పలేను. గొంతు బొంగురుపోవచ్చు, మళ్లీ బాగవకపోవచ్చు. ఆలోచించుకుని పై సంతకు రా" అంది. తెలియనిది తెలియదని చెప్పే చదువుకున్న మనిషిని మొదటిసారి చూశాను. మనసులోనే దండం పెట్టుకున్నాను.

"ఇంట్ల ఒక మొగోడు చాలడా ఏంది?" అని నవ్వాడు మా ఆయన. మంచివాడే. ఇరవై ఏళ్లుగా నేను బస్తాలెత్తుతుంటే మాత్రం ఆ మాట ఆయనకు తోచలేదు. నా భయమంతా గొంతు గురించే. ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే. నేను పారాయణ చేస్తుంటే అత్త కూడా మాట్లాడకుండా వింటుంది. నాది బద్ధకమే అయితే దానికోసం గొంతు పోగొట్టుకోవడమెందుకు?

పక్క మడి హుంగేకి నేనొక రోజు పని బాకీ. పన్నెండేళ్ల కింద నాకు చలిజ్వరమొస్తే ఆ దొర్ల తెగ మనిషి వచ్చి నా వంతు నాటు వేసింది. వడ్లిస్తే ముట్టలేదు. "పనికి పనే అక్కా. ఒకరోజు నువ్వు రా" అంది. "వాళ్ల మడిల మన కోడలు దిగుడేంది?" అని అత్త అడ్డుపడింది. నేను ఆగిపోయాను.

ఈ నాట్లకు ఆగలేదు. "గంజి పొయ్యి మీదుంది అత్తా, హుంగే మడికి పోతున్న" అని చెప్పే వెళ్లాను.

బురద చల్లగా ఉంది. అదిలించేవాళ్లు లేరు. ఎన్నేళ్లకో ఇష్టంగా వంగాను. అయినా రెండు జాములు కాకముందే నారు చేతిలోంచి జారింది. గట్టున కూలబడ్డాను. హుంగే కూడా వచ్చి నా పక్కన కాళ్లు చాపుకుంది. అలిసినప్పుడు ఎవరి అనుమతీ అడగకుండా కూర్చోవడం ఆమెకు ఎంత బాగా వచ్చో! చూస్తూ ఉండిపోయాను. అప్పుడే తేలింది. కోరి వచ్చిన పనిలోనూ ఒళ్లు ఆగిపోయిందంటే ఇది బద్ధకం కాదు.

"పై సంతకు సూది వేయించుకుంటనే. గొంతు బొంగురుపోతదంట."

"పోనీ అక్కా. ఇప్పుడు పిట్టలెక్క పిలుస్తవు. అప్పుడు ఆ చివరి గట్టుకు గూడ వినపడ్తది."

ఇద్దరం నవ్వాం. కోతుల కేకలు విన్న స్వామి నా బొంగురు గొంతు వినడా!

పొద్దు గూకేదాకా కాసేపు నాటుతూ, కాసేపు కూర్చుంటూ అక్కడే ఉన్నాను. "సగం మడి గూడ కాలేదు హుంగే. మిగిలింది బాకీ ఉంచుకో" అన్నాను.

హుంగే నా చేతుల మీది బురద కడిగింది. "కూసున్నా నా మడిలనే కూసున్నవు గద. రోజు రోజే. తీరింది పో" అంది.