గురవయ్య కంటి వాతలు

రోహిణీకార్తె మధ్యాహ్నమున నభోమధ్యస్థితుడైన ప్రచండభానుడు పల్నాటి నాపరాళ్లనెల్ల పెనములుగా కాల్చుచు గడ్డిపరక మొదలుకొని గట్టుమీది గేదెవరకు సమస్తజీవులకును నిష్పక్షపాతముగా వాతలు పెట్టుచుండెను. ఆ విద్యయందు సూర్యునకు తానే ద్వితీయుడనని భావించుకొను కొండబోయిన గురవయ్య, నలువదియేండ్లుగా కుంటియెద్దుల జబ్బలకును కామెర్ల మనుష్యుల ముంజేతులకును ఎఱ్ఱగా కాలిన యినుపకడ్డీ నానించి ఖ్యాతి గడించినవాడయ్యును, ఆ దినమున పట్టణపు కంటియాసుపత్రిలో గడ్డమును యంత్రపీఠముపై మోపి తానే వాతలకు పాత్రుడై కూర్చుండెను. మధుమేహమహారాక్షసి ఆతని యెడమకంటిని మునుపే కబళించి కుడికంటి వెనుకతెరపై రక్తనాళముల పిచ్చితీగలను అల్లుచుండగా, వైదేహియను నేత్రవైద్యురాలు లేజరుకాంతితో ఆ తెరయంచులను చుక్కచుక్కగా కాల్చి మిగిలిన చూపును నిలుపబూనెను.

“ఈ చుక్కల మందు రోజుకు నాలుగుసార్లు వేసుకోవాలి పెద్దాయనా. లోపల వాపు రాకుండా కాస్తుంది” అని యామె సీసా నొసంగెను.

గురవయ్య లోలోన నవ్వుకొనెను. పొంగని వాత పట్టని వాతయనుట ఆతని శాస్త్రమున ప్రథమసూత్రము. కావున సీసామూతయైనను విప్పక దానిని దూలముసందున ప్రతిష్ఠించి, మూడవనాడు భార్య అంకమ్మ ముఖము మంచులోని చంద్రబింబమువలె మసకబాఱగా పరమానందభరితుడయ్యెను.

“పట్టిందే అంకమ్మా! వాత పొంగింది.”

“నా మొగం ఆనట్లేదంటే సంబరమేందయ్యా నీకు?”

“నలభై ఏళ్లు చూసినోణ్ణి. నువ్వు నాకు చెప్పొచ్చావా?”

ఏడవనాటికి ఆ చంద్రబింబము పూర్తిగా అస్తమించెను. గడప తగిలి బోర్లపడిన భర్తను లేవనెత్తి దూలముసందున మూత విప్పని సీసాను కనుగొనిన అంకమ్మ, ఆతని చేయిపట్టి బస్సెక్కించెను.

వైద్యురాలు కన్ను పరికించి దీర్ఘముగా నిట్టూర్చెను.

“కాలినచోటికి ఒంట్లోని కావలివాళ్లు పరుగెత్తుకొస్తారు పెద్దాయనా. చచ్చినదాన్ని ఊడ్చేసి మచ్చ కడతారు. ఆ పని జరగాల్సిందే. కానీ వాళ్లు మరీ ఎగబడితే నాళాల్లోంచి నీరు ఊరి, చూపు నిలిచే నడిమధ్యకు చేరుతుంది. ఈ మందు వాళ్లను అదుపులో ఉంచడానికే.”

“ఉన్న ఒక్క కన్నూ పోయినట్టేనా తల్లీ?”

“ఇప్పుడే చెప్పలేను. ఇవాళ్టినుంచి వేద్దాం.”

అంతట నలువదియేండ్ల శాస్త్రము శిరస్సు వంచి నాలుగుపూటలును చుక్కలకు కన్నొగ్గెను. తాను వాపు చూచి మెచ్చుకొనిన యెద్దులలో ఎన్ని మరల కాడిక్రిందకు రాలేదో ఆ మసకచీకటిలో ఆతనికి ఒకటొకటిగా గుర్తువచ్చెను.

రెండుమాసములకు నీరింకెను. కావలివారు పని ముగించుకొని మరలిరి. చూపు చాలవఱకు తిరిగివచ్చెను గాని పూర్తిగా రాలేదు. అంకమ్మ ముఖము కనబడెను, ఆమె ముక్కుపుడక రాయి మాత్రము కనబడదయ్యెను.

అప్పుడు వైదేహి ఆతని కంటిలోపలి ఛాయాచిత్రమును కంప్యూటరుతెరపై చూపెను. నారింజవన్నె గోళపుటంచులవెంట వందలకొలది పాలిపోయిన మచ్చలు బారులుదీరి యుండెను. గురవయ్య ముఖమును తెరకు మిక్కిలి దాపునకు జేర్చి, ఆ మచ్చలుగల కంటితోనే ఆ మచ్చలను చాలసేపు పరీక్షించెను.

“వరస తప్పలేదమ్మా. ఒకదానిమీద ఒకటి పడలేదు. నేను పెట్టినవాటిల్లో ఇంత కుదురు లేదు” అని పలికి, కాలి మానిన ఆ చిన్నిమచ్చలకు చేతులు జోడించెను.