జిప్పుల కంపెనీలో అమ్మ ఫీజు

మా అమ్మ నలభై ఆరో ఏట లా కాలేజీలో చేరింది. పగలు టైలరింగ్ షాపు, సాయంత్రం క్లాసులు. చదువుకి లోన్ ఇప్పించిందీ, హామీ సంతకం పెట్టిందీ నేనే. బ్యాంకులో పనిచేసే కూతురికి ఆ మాత్రం శిక్ష తప్పదు.

ఏడాది ఫీజు మొత్తం ఒకేసారి అమ్మ ఖాతాలో పడింది. సగం వెంటనే కట్టేసింది. మిగతా సగానికి ఐదు నెలల గడువుంది. ఆ సగంతో జిప్పులు తయారుచేసే కంపెనీ షేర్లు కొన్నదని ఒక ఆదివారం నాకు తెలిసింది.

"అది ఫీజు డబ్బమ్మా. వేరే దేనికీ వాడకూడదని కాగితంలో రాసుంది."

"చదివాను. ఫీజు కట్టేస్తాగా. ఐదు నెలలు కూర్చోబెట్టి మేపడానికి అదేమైనా అల్లుడా?"

"షేరు పడిపోతే?"

"జనం ప్యాంట్లు వేసుకోవడం మానేస్తారా?" అంటూ పళ్ల మధ్యనున్న గుండుసూది తీసి జాకెట్టు గుడ్డకి గుచ్చింది. "ఇరవై ఏళ్లుగా ఆ కంపెనీ జిప్పులే కుడుతున్నా. ఒక్కటి వెనక్కి రాలేదు."

గంటసేపు క్లాసు పీకాను. మూడు నెలల్లో ఆ షేరు నాలుగో వంతు పెరిగింది. నా నోరు మూతపడింది. అంతటితో ఆగినా బాగుండేది. బోనస్ రాగానే అమ్మకి చెప్పకుండా మొత్తం తీసుకెళ్లి ఆ షేర్లలోనే పోశాను.

ఒక శనివారం నేను షాపులో ఉండగా హెడ్మాస్టరు ఒకాయన బడి నుంచి నేరుగా వచ్చాడు. ఫైలొకటి బొజ్జ కింద అడ్డం పెట్టుకుని, పక్కవాటుగా నడుస్తున్నాడు. పిల్లలందరి ముందు ప్రసంగం మధ్యలో జిప్పు విడిపోయిందట.

"దేని మీద మాట్లాడుతున్నారు సార్?" అంది అమ్మ.

"క్రమశిక్షణ మీద."

ఆయన తెర వెనక్కి వెళ్లి ప్యాంటు అందించాడు. అమ్మ జిప్పు రన్నర్ని రెండు వేళ్లతో నొక్కింది. అది రేకుముక్కలా వంగిపోయింది.

"ఆ కంపెనీదే. ఈ వారంలో ఇది మూడోది. లోహం పల్చన చేసేశారు వెధవలు."

హెడ్మాస్టరు తెర వెనక చెడ్డీతో నిలబడి ఉండగానే ఫోన్ తీసి మంచి రోజు చూసుకోకుండా, సోమవారం మార్కెట్ తెరవగానే షేర్లన్నీ అమ్ముడుపోయేలా ఆర్డరు పెట్టేసింది.

"ఆగమ్మా, ఇంకా పెరుగుతుంది. నిపుణులందరూ అదే అంటున్నారు."

"వాళ్లెప్పుడైనా జిప్పు కుట్టారా?" కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. "మధ్యలో నీకెందుకే అంత కంగారు?"

"హామీ నాదేగా," అని తప్పించుకున్నాను. నావి మాత్రం అమ్మలేదు. బ్యాంకు ఉద్యోగిని, టైలరు మాట వింటానా?

ఆరు వారాలకి ఒక పెద్ద దుస్తుల సంస్థ జిప్పుల సరుకంతా తిప్పి పంపింది. షేరు సగానికి పడింది. అప్పటికే అమ్మ ఫీజు కట్టేసి, లాభంతో మిషను ముందు కూర్చోడానికి గిర్రున తిరిగే కుర్చీ ఒకటి కొనుక్కుంది. నేను వెళ్లి నిజం ఒప్పుకున్నాను. నవ్వితే బాగుండేది. నవ్వలేదు.

"అమ్మేశావా?"

"లేదు."

"అమ్మెయ్. ఉన్నదైనా దక్కుతుంది. ఏడవకు, ఆ గుడ్డ మీద మరకలు పడతాయి."

ఆ మధ్యాహ్నమే బ్యాంకు బాత్రూములో నిలబడి అమ్మేశాను. ముఖం కడుక్కుని కౌంటరుకొచ్చి, డబ్బు ఎలా పొదుపు చేయాలో ఒక పెద్దాయనకి సలహా చెప్పడానికి కూర్చున్నాను.