కుడి దవడలో కాపురం

తాళాలావిడ రోజూ తొమ్మిదింటికి కొట్టు తెరిచి, ముందు యంత్రానికి నూనె వేసి, తర్వాత తన కుడి దవడలో ఉన్న మొగుడితో తగువు వేసుకునేది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. పోయిన నెల రోజులకే, ఆవిడకి పైపళ్ళు ఊడిన చోట, చెంప ఎముక లోపలున్న ఖాళీలో చేరాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనది పుడకలతో కూడా పోలేదు. కొట్టుకి వచ్చినవాళ్ళు ఆవిడకి పని చెప్పి, చెంపకేసి తిరిగి "బాగున్నారా అండీ" అనేవాళ్ళు.

"ఏం బాగు? ఇది నమలడం మానేసింది, నాకు కాలక్షేపం లేదు," అనేవాడు.

ముప్పై ఏళ్ళుగా తాళంచెవులు కోసేది ఆవిడే. గాడి చూసి, ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే ఎంత మొండి తాళమైనా తెరుచుకునేది. కొట్టు మాత్రం ఆయన పేరు మీదే ఉంది, మాటా ఆయనదే. ఆ మాట కూడా ఇప్పుడు ఒక్కటే. "కొట్టు మా తమ్ముడికి రాసెయ్. ఆడదానివి, నీకెందుకు?" యజమాని దవడలో కూర్చుని ఉండగా, ఆయన్ని కాదని కాగితం రాసే ప్లీడరు ఊళ్ళో లేడు. నెలాఖరుకి సంతకం అని మరిది తేదీ కూడా పెట్టేశాడు.

అప్పుడు వెళ్ళింది ఆవిడ, పళ్ళు కట్టించుకుంటానని, పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి.

డాక్టరమ్మ ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించింది. "పళ్ళు పోయాక ఎముక అరిగిపోయింది, పైనున్న ఖాళీ, అదే సైనస్, కిందికి జారింది. మిగిలింది మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. పన్ను నిలబెట్టే ఇంప్లాంట్ మర బిగిస్తే పట్టదు. పక్కనుంచి చిన్న కిటికీ కోసి, సైనస్ అడుగున ఉన్న పొరని పైకి లేపి, ఆ సందులో ఎముక పొడి నింపుతాను. ఆరు నెలల్లో గట్టిపడుతుంది. అప్పుడు పళ్ళు."

"మరి ఈయన?"

డాక్టరమ్మ ఆ మూలనున్న మసకని వేలితో కొలిచింది. "పొడి గట్టిపడేకొద్దీ చోటు చాలదు. వెళ్ళాల్సిందే. పొర చిరిగి పొడి జారిపోతే మాత్రం ఉండిపోతారు, ఇక కదలరు."

"అద్దెకున్నవాణ్ణయినా నోటీసిచ్చి ఖాళీ చేయిస్తారు," అన్నాడు ఆయన.

"అద్దె ఎప్పుడిచ్చారు?" అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది.

గంటన్నర పట్టింది. చెంప మొద్దుబారినా ఆయన తిట్లు వినబడుతూనే ఉన్నాయి. పొర లేపుతున్నంతసేపూ డాక్టరమ్మని కూడా వదల్లేదు. కుట్లు వేశాక డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. "మూడు వారాలు ముక్కు చీదకండి. తుమ్ము వస్తే బిగపట్టకండి. నోరు బార్లా తెరిచి తుమ్మేయండి. నోరు మూశారంటే ఆ గాలి పైకి తన్ని పొరని చింపేస్తుంది."

ఇదేం పెద్ద పని అనుకోవచ్చు ఎవరైనా. కానీ ఆవిడ అత్తారింట్లో కోడళ్ళ తుమ్ము బయటికి వినబడకూడదు. కాపురానికొచ్చిన మొదటి వారమే అత్తగారు ముక్కు నొక్కి, పెదాలు బిగించి, తుమ్ముని లోపలే మింగడం నేర్పింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ తుమ్ము విన్నవాడు లేడు.

ఆ సంగతి మొగుడికి బాగా తెలుసు. ఇరుకులో పడి గొంతు సన్నబడింది గానీ బుర్ర సన్నబడలేదు. పదో రోజున మరిది కాగితాలు పట్టుకుని వస్తే, "ఒరేయ్, పై అరలో పాత గోనెసంచులున్నాయి, దులుపు. దీనికి దుమ్ము పడదు," అన్నాడు చెంపలోంచి.

మరిది దులిపాడు. వదినకి ఎదురుగా నిలబడి, మొహం మీదే దులిపాడు. సిగ్గులేని జాతి, ఏం చెప్తాం.

ఆవిడకి కళ్ళు చెమర్చాయి. చెయ్యి దానంతటదే ముక్కు మీదికి వెళ్ళింది. పెదాలు బిగుసుకున్నాయి.

"అద్దీ. నోరు ముయ్యి," అన్నాడు మొగుడు.

ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే గెలిచేవాడే. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి తీసేసి, నోరు తెరిచి, తుమ్మింది. గోడకి వేలాడే తాళంచెవులన్నీ గలగలమన్నాయి. ఎదురు కొట్టతను బయటికొచ్చి చూశాడు.

మరిది సంచి వదిలేసి చెంప పట్టుకున్నాడు. అతనికీ కిందటేడు పైపళ్ళు రెండు పీకారు, మళ్ళీ కట్టించుకోలేదు.

"అన్నయ్యా?" అన్నాడు బిక్కమొహం వేసి.

"ఏంట్రా, కొట్టు కావాలా నీకు?" గొంతు ఇప్పుడు మరిది దవడలోంచి వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి, ఎవరి దవడలో ఉంటే వాళ్ళనే తిడతాడు. "చెవి ఎటు తిప్పితే తాళం తెరుచుకుంటుందో తెలుసా? ముప్పై ఏళ్ళూ ఈ కొట్టు నడిపింది అది. నేను ఊరికే కూర్చున్నాను. ఆ కాగితాలు చించి అవతల పారెయ్."

మరిది చించాడు. యజమాని మాట మరి.

ఆవిడ బల్ల ఇవతల నిలబడి అంతా విన్నది. పెళ్ళయిన నాటినుంచీ వినాలనుకున్న మాట అది. నాలుగేళ్ళు నాలుక పక్కనే ఉండి కూడా ఆయన తనతో ఒక్కసారీ అనలేదు. సంతోషం రాలేదు. కోపమే వచ్చింది, ఏడుపు తన్నుకొచ్చేంత కోపం.

"నడవండి బయటికి," అంది. "ఇద్దరూ."