బొట్టు పెట్టిన చెత్తబుట్ట

నేను ఒక ఆకుపచ్చ చెత్తబుట్టను. నేను చెబితే తప్ప ఈ సంగతి మీకు తెలిసే అవకాశం లేదు. ఎందుకంటే రెండేళ్లపాటు నా కడుపులో ఉన్నవి సన్నబియ్యం.

మా మండపేట వీధిలో మున్సిపాలిటీవాళ్లు ఇంటికో బుట్ట పంచినప్పుడు, తడిచెత్త వేసి పొద్దున్నే గంట కొట్టుకుంటూ వచ్చే చెత్తబండికి ఇవ్వమన్నారు. భ్రమరాంబగారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత మంచి బుట్టలో చెత్తెయ్యడానికి చేతులెలా వస్తాయండీ?" అన్నారు. ఆవిడ భర్త వీర్రాజుగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. "మూత కూడా గట్టిదేనే" అన్నారు. అంతే, నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బియ్యం పోసి వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

మరి చెత్త సంగతంటారా? దానికి వీర్రాజుగారి షష్టిపూర్తి ప్లాస్టిక్ సంచులున్నాయి. దండలేసుకున్న దంపతుల ఫొటో అచ్చేయించి వీధంతా పంచగా మిగిలినవి. సంచి నిండగానే ఆవిడ కిటికీలోంచి పక్క ఖాళీ స్థలంలోకి విసిరేవారు. బండి తెచ్చే నూకాలమ్మ అడిగితే, "మా ఇంట్లో చెత్తే ఉండదమ్మా" అనేవారు.

వానలు పడ్డాయి. సంచుల్లో నీళ్లు నిలిచాయి. దోమలు పట్టపగలే లోపలికొచ్చి కుట్టాయి. వీర్రాజుగారికి జ్వరం తగిలింది. ఒంటికి మంచిదని ఆవిడ రోజూ కొబ్బరిబొండాలు తాగించి, ఖాళీవి మళ్లీ ఆ కిటికీలోంచే విసిరారు. వాటిలోనూ నీళ్లు నిలిచాయి. నాలుగో రోజుకి ఆయన మంచం మీంచి లేవలేకపోయారు. డెంగీ అన్నారు, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. ఆయన్ని ఆస్పత్రికి ఆటో ఎక్కిస్తుంటే నాకు నిజంగా భయమేసింది.

రెండు రోజుల తర్వాత ఆవిడ క్యారేజీ సర్దడానికి ఇంటికొచ్చిన పూట, ఆశా కార్యకర్త సత్యవేణి ఆ స్థలంలో దిగి ఒక సంచి పైకెత్తింది. లోపల నీళ్లలో దోమపిల్లలు ఈదుతున్నాయి. పైన దంపతులు నవ్వుతున్నారు.

"ఇయ్యి మీయేనాండీ?"

అక్కడ నలభై సంచులున్నాయి, అన్నిటి మీదా వాళ్లే. "ఒక్క ఇంట్లో ఇంత చెత్తా!" అని పొరుగింటి మంగతాయారు బుగ్గలు నొక్కుకుంది. నిజానికి సగం సంచులు మంగతాయారూ, వీధిలో మిగతావాళ్లూ విసిరినవే.

భ్రమరాంబగారు "నా చేతుల్తో నేనే ఆయన్ని మంచానపడేశాను" అని అక్కడే కూలబడి ఏడ్చారు. తర్వాత లేచి, బియ్యం దుప్పటి మీద గుమ్మరించి, నన్ను తీసుకుని ఆ స్థలంలో దిగారు. తమదీ పరాయిదీ అని చూడకుండా ఏరడం మొదలుపెట్టారు. అది చూసి వీధికి సిగ్గేసింది. కందిపప్పు బుట్ట, ఉల్లిపాయల బుట్ట, మాసిన బట్టల బుట్ట... నా అన్నదమ్ములంతా ఆ రోజే బయటికొచ్చారు.

తొమ్మిదో రోజు వీర్రాజుగారు ఇంటికొచ్చారు, చొక్కా వదులైపోయి. ఇప్పుడు గంట వినగానే ఆయనే నన్ను పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. భ్రమరాంబగారు మాత్రం శుక్రవారం శుక్రవారం నన్ను కడిగి బొట్టు పెట్టడం మానలేదు.

పైన బొట్టు, లోపల చెత్త. ఇన్నాళ్లకి నేనూ ఈ వీధిలో ఒక మనిషినయ్యాను.